మామ కట్టిన జరిమానా

మామ పోయిన పదకొండో రోజున, పెద్దమందడిలో వాళ్ళింటి ముందు షామియానా కింద భోజనాలు జరుగుతుంటే, నా వెనక వరుసలో ఎవరో అన్నారు.

"పొయ్యేకాడ గూడ యమునితోని చిల్లర లెక్క సూస్కొనే పోయింటడు."

ఆ వరుసంతా నవ్వింది. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు చనిపోయిన మనిషి గురించి నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నేనూ కొంచెం నవ్వాను. ఊరికి ఒక్కో మనిషి ఒక్కో మాటగా మిగిలిపోతాడు. మామ 'మొండోడు'గా మిగిలాడు. పక్కనున్నాయన "రూపాయి ఊరికె ఇడువకపోయేది" అని ఒక ముక్క కలిపి, పప్పుకోసం చెయ్యి చాచాడు.

ఆయన నాకు సొంత మామ కాడు. పక్కింటాయన. నేను పెళ్లై ఆ వీధికి వచ్చిన కొత్తలో ఆయన భార్యను అత్తా అని పిలవడం మొదలుపెట్టాను కాబట్టి ఆయన మామ అయ్యాడు. వాళ్ళకు పిల్లలు లేరు. వనపర్తి డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా ఒంట్లోంచి బస్సు దిగలేదు. కదలని నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము దేనికో ఒకదానికి ఆనించి నిలబడేవాడు. నోట్లను నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకునేవాడు. పెళ్ళికి పోయినా చావుకు పోయినా తలుపు దగ్గరే కూర్చునేవాడు. కిరాణా దుకాణంలో నలుగురు గుమిగూడితే "జర లోపలికి జరుగుండ్రి" అనేవాడు. అన్న తర్వాత తనే సిగ్గుపడి మీసం తుడుచుకునేవాడు.

చిల్లర సంగతి మాత్రం నిజమే. పెరుగు ప్యాకెట్టు మీద రాసిన ధరకంటే ఎక్కువ అడిగితే ఊరుకునేవాడు కాదు. "సల్లగ చేసినందుకు" అని దుకాణం అతను అంటే, "మరి ఎండకాలం ఊరంత ఉడుకు చేస్తున్నవాడు ఎవనికి బిల్లు వంపాలె?" అనేవాడు. గొంతు పెంచకుండా, టికెట్ అడిగినంత మామూలుగా అనేవాడు. ఒక జాతరలో చెప్పులు పెట్టుకునే చోట పండుగ రేటని రెట్టింపు అడిగారు. మామ తన చెప్పులూ అత్త చెప్పులూ తువ్వాలలో మూట కట్టి, చంకలో పెట్టుకుని వరుసలో నిలబడ్డాడు. అత్త పది మంది వెనక్కి పోయి, ఆయనెవరో తనకు తెలియనట్టు నడిచింది.

ఆయనతో ఎక్కడికైనా పోవాలంటే నాకు ముందే అలసట వచ్చేది. ఆయన చెప్పేది ప్రతిసారీ న్యాయమే. న్యాయం చెప్పే మనిషి పక్కన నిలబడి, ఆ న్యాయం తేలేదాకా ఎండలో ఎదురుచూడటం ఎంత కష్టమో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఆ నిలబడటంలో నాకంటే ఎక్కువ అలసిపోయింది అత్త.

అత్తకు కిడ్నీలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. సర్కారు దవాఖానలో మిషన్లు ఖాళీ లేవంటే, వనపర్తిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుదిరింది. మామ రిటైరైనప్పుడు ఒక పాత చిన్న కారు కొన్నాడు. జీవితమంతా డ్రైవరు పక్కన నిలబడినవాడు ముసలితనంలో స్టీరింగు పట్టుకున్నాడు. నా ఆఫీసు వనపర్తిలోనే కాబట్టి ఆ రెండు రోజులూ నేనూ వాళ్ళ కారులోనే పోయి వచ్చేదాన్ని. పల్లి చేల మధ్య నుంచి మెల్లగా పోయేవాళ్ళం. వెనక నుంచి ఎవరు హారన్ కొట్టినా మామ దారి ఇచ్చేవాడు. ఆ విషయంలో మాత్రం ఆయనకు పట్టింపు లేదు.

ఆసుపత్రి పక్కన రేకులు అడ్డం పెట్టిన ఖాళీ స్థలం ఉండేది. మొదట్లో బండి ఊరికే పెట్టుకునేవాళ్ళం. తర్వాత దాన్ని ఎవరో గుత్తకు తీసుకున్నారు. గేటుకు బోర్డు వేలాడదీశారు. బండి పెడితే ఇంత అని పైన పెద్ద అక్షరాల్లో, మూడు గంటలు దాటితే జరిమానా అని కింద చిన్న అక్షరాల్లో. ఆ జరిమానా పైనున్న రుసుముకు ఎన్నో రెట్లు. కట్టకపోతే చక్రానికి ఇనుప తాళం వేస్తారు. గేటు దగ్గర కుర్మయ్య అనే మనిషి మెడలో ఈల వేసుకుని స్టూలు మీద కూర్చునేవాడు. నలభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఆటో నడిపాడట, నడుము పట్టేసి ఈ పనికి వచ్చాడు.

డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. ముందూ వెనకా కలుపుకుంటే ఇంకా ఎక్కువ.

మొదటిసారి తాళం వేసిన రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్త కారు వెనక సీట్లో ఒరిగిపోయి ఉంది. అద్దాలు దించి ఉన్నా లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంది. డయాలసిస్ అయ్యాక ఆమెకు పిక్కలు పట్టేసేవి, నోరు ఎండిపోయేది, ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించేది. బయట మామ ముందు చక్రం దగ్గర కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు.

"మూడు గంటలు దాటింది కాకా. జరిమానా కట్టాలె" అంటున్నాడు కుర్మయ్య.

"జరిమానా కట్టనీకె ఏం తప్పు చేస్తిమి తమ్మీ?"

"టైం దాటింది గదా."

"లోపల మిషనే నాలుగు గంటలు నడుస్తది. ఆళ్ళు నాలుగు గంటలు పండవెడ్తరు, నువ్వు మూడు గంటలకే తీస్కరమ్మంటవ్. సూదులు మధ్యల గుంజుకొని రావాల్నా?"

"నాకేం తెల్వదు కాకా. బోర్డు మీద రాసుంది."

"బోర్డు ఎవరన్న రాస్తరు. నీ కాడ రాత ఉంది, నా కాడ మాట ఉంది. తాళం తియ్యి."

"ఇచ్చి రారాదు" అంది అత్త లోపల్నుంచి. గొంతు బయటికి వినిపించలేదు. నేనే పోయి మామకు చెప్పాను. ఆయన తల ఊపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చాలాసేపటికి కుర్మయ్య విసిగిపోయి తాళం తీశాడు. "గీ ఒక్కసారికే కాకా. మళ్ల కుదరదు" అన్నాడు.

దారిలో నేను అడిగాను, అంత ఎండలో ఆమెను కూర్చోబెట్టి ఆ కాస్త కోసం ఎందుకు మామా అని. మామ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"కొల్లాపూర్ బండి మీద ఉంటి. పానగల్ దాటినం. బస్సుల కాలు పెట్టే జాగ లేదు. ఒకామె మూటతోని ఎక్కింది. నేను ఆమె కాడికి పోకముందే చెకింగోళ్ళు బస్సు ఆపిరి. ఆమెకు టికెట్ లేదు. ఆమె తప్పు కాదు, నా తప్పు గూడ కాదు. సార్ ఏమన్నడు? జరిమానా కట్టి సంతకం పెట్టు, గీడికే అయిపోతది అన్నడు. నాక్కూడ ఇంటికి పోవాలనుండె. కట్టిన. మళ్ల ప్రమోషన్ కాడ అదే ముందట పెట్టిరి. నువ్వే ఒప్పుకొని కడ్తివి గదా అనిరి." గేరు మార్చి అన్నాడు. "కట్టినోనిదే తప్పయితది బిడ్డా. కట్టకుంటె కొట్లాడిండంటరు. కడితె దొంగ అంటరు."

వెనక సీట్లో అత్త కళ్ళు మూసుకునే ఉంది. ఆమె ఆ కథ ఎన్నిసార్లు విన్నదో.

తర్వాతి వారాల్లో కూడా అదే జరిగింది. తాళం వేయడం, మామ చక్రం పక్కన నిలబడటం, అత్త లోపల ఒరిగిపోవడం, చివరికి కుర్మయ్య తాళం తీసి నంబరు రాసుకోవడం. ఒకరోజు నాకు ఓపిక పోయింది. మామ అత్తను నడిపించుకు రావడానికి లోపలికి పోయినప్పుడు నేనే కుర్మయ్య చేతిలో డబ్బు పెట్టాను. మామ మెట్ల మీద నుంచి చూశాడు. వచ్చి, కుర్మయ్య ముందు అరచెయ్యి చాపాడు. కుర్మయ్య ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టాడు. మామ దాన్ని నిలువుగా మడిచి నాకు ఇచ్చాడు.

"నా పేరు మీద నువ్వు ఒప్పుకోకు బిడ్డా" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ తర్వాత మామకు ఒక ఉపాయం తట్టింది. అత్తను ఆసుపత్రి మెట్ల దగ్గర దించి, కారును ఊరి చివర మూతబడిన మిల్లు దాకా తీసుకుపోయి, అక్కడ రోడ్డు పక్క పెట్టుకుని కూర్చునేవాడు. అయిపోయే వేళకు నర్సు ఫోను చేస్తే వచ్చేవాడు. తాళం లేదు, జరిమానా లేదు, గొడవ లేదు. కుర్మయ్యకూ ప్రాణం కుదుటపడింది. నేను కూడా అమ్మయ్య అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం భోజనం వేళ అత్తను చూసి వద్దామని పోయాను. ఆ గదిలో మంచాలు వరుసగా ఉన్నాయి. ఒక్కో మంచం పక్కన ఒక్కో మిషను, ఒక్కో ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీల్లో కొడుకులో, మొగుళ్ళో, అక్కచెల్లెళ్ళో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. అత్త పక్కన కుర్చీ మీద ఆమె చేతిసంచి ఒక్కటే ఉంది.

"తిన్నవా అత్తా?"

"ఏం తినబుద్ధయితలేదు." మిషన్‌లో తిరుగుతున్న తన రక్తం వైపు చూస్తూ అంది. "మీ మామ ఈడ పక్కన ఉన్నప్పుడు గింత సేపు అనిపియ్యకపోతుండె. కొల్లాపూర్ బండి నడిపిస్తుండె."

నాకు అర్థం కాలేదు. అత్తే చెప్పింది. ఆ నాలుగు గంటలూ మామ ఆమె పక్కన కూర్చుని వనపర్తి నుంచి కొల్లాపూర్ దాకా ఒక్కో స్టేజీ పేరు చెప్పేవాడట. ఎక్కడ ఎవరు ఎక్కేవాళ్ళు, మామిడికాయల బుట్టలతో ఎవరు తగాదా పడేవాళ్ళు, వాన కాలంలో ఎక్కడ బస్సు దిగబడేది, అన్నీ. ఆమె సగం దారిలోనే నిద్రపోయేదట. కొల్లాపూర్ ఎప్పుడూ చేరలేదు.

"మరి మామకు చెప్పకపోయినవా, ఈడనే ఉండమని?"

"ఏం జెప్పాలె? ఆయన నాయం ఆయనకున్నది" అంది.

ఆ నెలలోనే ఒక శుక్రవారం నాకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అత్తకు మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయింది. మామకు చేస్తే ఎత్తడం లేదు. రెండో నంబరు నాది ఇచ్చి ఉన్నాడు. నేను ఆటోలో పోయేసరికి నర్సులు ఆమె కాళ్ళ కింద దిండ్లు పెట్టి, సెలైన్ ఎక్కిస్తున్నారు. అత్త పెదవులు తెల్లగా ఉన్నాయి. డాక్టరు వచ్చి గండం దాటిందని చెప్పి, "ఇంటివాళ్ళు ఒకరు పక్కన ఉండాలని మొదట్లోనే చెప్పాం కదమ్మా" అన్నాడు. నేను తలవంచుకున్నాను.

మామ ఫోను కారులో పెట్టి, రోడ్డు అవతల చాయ్ తాగుతున్నాడట. తిరిగొచ్చి ఫోను చూసుకుని, కారు నేరుగా ఆ రేకుల గేటులోకి తోలుకొచ్చి, తలుపు కూడా సరిగా వేయకుండా మెట్లెక్కి వచ్చాడు. మంచం దగ్గరికి వచ్చి ఆమె పాదం పట్టుకున్నాడు. సెలైన్ సీసా వైపు చూస్తున్నాడు.

అత్త కళ్ళు తెరిచింది.

"సచ్చిపోతననుకున్న. సూస్తె కుర్చి ఖాళీ ఉండె" అంది.

"చాయ్ తాగనీకె దిగిన" అన్నాడు మామ.

"నువ్వు జేసేది నాయమే. నేను కాదంటలే. నా పక్కన ఎవరు కూసోవాలె? గదొక్కటి జెప్పు."

మామ చేతిసంచి తీసి కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు ఏ స్టేజీ పేరూ చెప్పలేదు. ఆమె లేచేదాకా అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం అత్తను కారులో పడుకోబెట్టాం. చక్రానికి తాళం ఉంది. కుర్మయ్య తగాదాకు సిద్ధమై లేచి నిలబడ్డాడు. మామ జేబులోంచి డబ్బు తీశాడు.

"ఎంతయింది తమ్మీ?"

కుర్మయ్య నమ్మలేదు. నా వైపు చూశాడు. తర్వాత ఆ రోజుది చెప్పాడు. మామ ఇచ్చి, "అంతకుముందు దినాలయి?" అన్నాడు.

"అవి ఇడిసిపెట్టు కాకా. అయిపోయినయ్."

"అయిపోయినయంటె ఎట్ల? రాసుకుంటివి గదా."

"నా జీతంల కోసుకున్నరు" అన్నాడు కుర్మయ్య. ఫిర్యాదులా కాదు, ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు. "తాళం తీసి వంపితె నాకు పడ్తది. గుత్తాయన గట్లనే పెట్టిండు."

మామ చెయ్యి కారు పైకప్పు మీద ఆనింది. కుర్మయ్య మెడలోని ఈల వైపు చూశాడు.

"మరి నాకెందుకు జెప్పకపోతివి?"

"చెప్తె కడ్తుంటివా కాకా?"

మామ లోపల జేబులో ఉన్నదంతా తీశాడు. చాలకపోతే మొదటిసారి నన్ను అడిగాడు. నేను ఇచ్చాను. అంతా కలిపి నిలువుగా మడిచి కుర్మయ్య చేతిలో పెట్టాడు. "గిది గుత్తాయనకు గాదు. నీది నీకు" అన్నాడు. కుర్మయ్య తాళం తీసి, గేటు తెరిచి, రోడ్డు మీద బండ్లను ఆపి మమ్మల్ని పంపాడు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం మామ కట్టాడు. వాదించలేదు. ముందే విడిగా తీసి పై జేబులో పెట్టుకునేవాడు. అత్త పక్కన కొల్లాపూర్ బండి మళ్ళీ నడిచింది. కానీ మామలో ఏదో తగ్గింది. పెరుగు ప్యాకెట్టుకు ఎక్కువ అడిగితే ఇచ్చి వచ్చేశాడు. దుకాణం అతను "కండక్టర్ సాబ్, పానం మంచిగున్నదా?" అని అడిగాడు. అత్త ఒకరోజు మా గోడ మీదుగా నాతో అంది, "కొట్లాడేటప్పుడే మంచిగుండె మీ మామ. సిగ్గయితుండె గని, మనిషి మంచిగుండె."

నేను మామను అడిగాను, కట్టడం మంచిదయిందా కాదా అని. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కారు అద్దం తుడుస్తున్నాడు.

"మంచిది కాలే" అన్నాడు వెంటనే. "నేను కట్టినంక నా ఎనక వచ్చేటోడు గూడ కట్టాల్నే గదా. బోర్డు అట్లనే ఉంటది. గది నాకెరుకనే." అద్దం మీద ఊది మళ్ళీ తుడిచాడు. "కాని బిడ్డా, కొట్లాడాలంటె ఇద్దరు మనుషులు కావాలె. ఒకడు ఆడ గేటు కాడ నిలవడాలె, ఒకడు ఈడ మంచం కాడ కూసోవాలె. నేనొక్కన్నే ఉంటి."

మామ నిద్రలోనే పోయాడు. జబ్బు ఆమెది, పోయింది ఆయన. అత్త ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో చెల్లెలి దగ్గర ఉంది. అక్కడ సర్కారు దవాఖానలో మిషను దొరికింది. నేను వనపర్తికి బస్సులో పోతున్నాను. ఆ గేటు ముందు నుంచే పోతుంది బస్సు. బోర్డు అలాగే ఉంది.

ఆయన పోవడానికి ముందటి శుక్రవారం నేను ఆఫీసు నుంచి కొంచెం ఆలస్యంగా వచ్చాను. కారు దగ్గర ఎవరూ లేరు. పైకి పోయాను. అత్త మిషను ఎప్పుడో ఆపేశారు, చేతికి పట్టీ కట్టారు. పక్క మంచాలన్నీ ఖాళీ అయ్యాయి. ఒకామె నేల తుడుస్తోంది. అత్త నోరు కొంచెం తెరిచి గాఢంగా నిద్రపోతోంది. మామ కుర్చీని మంచానికి దగ్గరగా లాక్కుని, ఆమె చేతికి పంకా గాలి తగలకుండా దుప్పటి కొస పట్టుకుని కూర్చున్నాడు.

"మామా, ఎప్పుడో అయిపోయిందంట గదా" అన్నాను మెల్లగా. "ఆరు గంటలు గూడ దాటితె కింద ఇంకో జరిమానా పడ్తదేమో. లేపుదామా?"

ఆయన నా వైపు తిరగలేదు.

"పడనీ బిడ్డా" అన్నాడు. "మంచిగ పండుకున్నది."

నేను పక్క మంచం దగ్గర కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను.